బియ్యం లిస్టులో హాజరు గడి ఎందుకు? సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

సంఘ పెద్దలకు, కమిటీ సభ్యులకు, పాస్టరు అయ్యగార్లకు, స్త్రీల సమాజం అమ్మగార్లకు ప్రభువు నామమున వందనాలు.

నవంబరు సగం దాటింది. ఇంకో వారం పది రోజుల్లో ప్రతి మందిరంలోనూ కమిటీ కూర్చుంటుంది. క్రిస్మస్‌కి బియ్యం బస్తాలు ఎన్ని, చీరలు ఎన్ని, దుప్పట్లు ఎన్ని, ఎవరెవరికి ఇవ్వాలి అని లిస్టు రాస్తారు. ఆరేళ్లు ట్రెజరర్‌గా ఉండి ఆ లిస్టు నేనూ రాశాను, అందుకే ఇది బయట నిలబడి వేలు చూపించే ఉత్తరం కాదు. మా సంఘం పేరు రాయను, మీ సంఘం పేరు అడగను. గుంటూరు నుంచి ఒంగోలు దాకా బంధువుల ఊళ్లకి, పెళ్లిళ్లకి, కూడికలకి వెళ్లినప్పుడు చూసిన చాలా మందిరాల్లో ఇదే పద్ధతి కనపడింది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను. ఎవరినైనా నొప్పిస్తే క్షమించండి, కానీ పూర్తిగా చదివాకే కోప్పడండి.

పోయినేడు లిస్టు రాసిన రోజు సంగతి ముందు చెప్తాను. లాంగ్ నోట్‌బుక్కు, స్కేలు పెట్టి గీసిన గళ్లు. పేరు, పేట, ఇంట్లో ఎంతమంది, సంపాదించేవాళ్లు ఎవరు, ఇవన్నీ ఎప్పుడూ ఉండేవే. ఆ చివర కొత్తగా ఒక గడి గీసి, దాని మీద ‘హాజరు’ అని రాశారు. ఎవరు ఎన్ని ఆదివారాలు వచ్చారో చూసి టిక్కు పెట్టడం మొదలైంది. ఒక అమ్మ పేరు దగ్గర పెన్ను ఆగింది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. “ఈమె ఐదారు నెలల నుంచి రావట్లేదు కదా” అన్నారొకరు. “రానివాళ్లకి ఇస్తే వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?” అన్నారు ఇంకొకరు. అంతే, ఎర్ర పెన్నుతో పేరు కొట్టేశారు.

ఆమె ఎందుకు రావట్లేదో ఆ గదిలో ఇద్దరు ముగ్గురికి తెలుసు. నాకూ తెలుసు. మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీసే పనికి పోతుంది. అక్కడ ఆదివారమూ పని ఉంటుంది, మానేస్తే ఆ రోజు కూలి పోవడమే కాక మర్నాడు పిలుస్తారన్న నమ్మకం లేదు. ఆ పని చేసినవాళ్ల చేతులు మీలో చాలామంది చూసే ఉంటారు. సాయంత్రానికి గోళ్ల సందుల్లో ఎరుపు దిగి ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా మంట పోదు, కొబ్బరినూనె రాసుకుని అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంటారు. చంటిపిల్లని ముట్టుకోవాలన్నా భయపడతారు. అలాంటి చేతులున్న మనిషి పేరుని మనం హాజరు లేదని కొట్టేశాం. నేను “ఉంచితే బాగుంటుందేమో” అన్నాను గానీ గట్టిగా అనలేదు, కొట్టేసిన పేరు అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి నుంచి అది నన్ను వదలట్లేదు.

తర్వాత పంచిన రోజు. మందిరం ముందు షామియానా, వెనక ఫ్లెక్సీ, దాని మీద దాతల ఫొటోలు. ఒక్కొక్కరినీ మైకులో పేరు పెట్టి పిలుస్తున్నారు. పిలిచినవాళ్లు స్టేజీ ఎక్కి, దాతగారి చేతిలోంచి బస్తా అంచు పట్టుకుని, కెమెరా వైపు తిరగాలి. ఒక పెద్దమ్మ, డెబ్భై దాటి ఉంటాయి, కొంగు తల మీంచి లాగి మొహం సగం కప్పుకుంది. ఫొటో తీసే కుర్రాడు “అమ్మా, కొంగు తీసి ఇటు చూడు” అన్నాడు. ఆమె తీయలేదు. “చూడమ్మా, ఒక్క నిమిషం” అని మళ్లీ అన్నాడు. మూడోసారి అన్నాక తీసింది. ఆ కుర్రాడిది తప్పని నేను అనను, వాడికి మనం అప్పజెప్పిన పని అది. కానీ ఆ కొంగు తీయించడానికి మనకి ఏం హక్కుంది?

మీకు ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. పుచ్చుకున్న వైపు నిలబడినవాళ్లకి చిన్నదిగా అనిపించదు. నేను ఆ వైపు నుంచి వచ్చినవాణ్నే.

మా నాన్న పోయినప్పుడు నాకు పదేళ్లు. ఆ రోజుల్లో మాకు రెండు సాయాలు అందాయి. ఒకటి మందిరం నుంచి వచ్చిన గోధుమ నూక, నూనె. ఆరాధన అయ్యాక అమ్మ వరండాలో వరసలో నిలబడి తెచ్చేది. దాంతోనే బతికాం, అది నేను ఎప్పటికీ మర్చిపోను. చాలా ఏళ్ల తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, మందిరంలో సన్మానం పెట్టారు, అమ్మ ముందు వరసలో కూర్చుంది. ఒక పెద్దాయన మైకు తీసుకుని, సంతోషంగానే, “మనం పెట్టిన నూక తిని పెరిగిన పిల్లాడు ఇవాళ మేష్టారు అయ్యాడు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర కూర్చుని ఒకే మాట అంది: “ఆ బాకీ ఇంకా తీరలేదంట్రా?”

రెండోది ఇంటర్ ఫీజు. ఆఖరు తేదీ రోజు, ఉన్నంత డబ్బు పట్టుకుని, మిగతాదానికి గడువు అడుగుదామని ఆఫీసుకి వెళ్తే క్లర్కుగారు పుస్తకం చూసి “నీది కట్టేశారు” అన్నాడు. ఎవరు అంటే “చెప్పొద్దన్నారు” అన్నాడు. రెండో సంవత్సరం కూడా అంతే. ఇప్పటికీ తెలియదు. అమ్మ బతికున్నన్నాళ్లు రాత్రి ప్రార్థనలో “ఆ చేతులు ఎవరివైనా చల్లగా ఉంచు ప్రభువా” అనేది, తెలుసుకోకుండానే వెళ్లిపోయింది. ఆ మనిషి ఎవరో తెలియకపోవడం వల్ల నాకు ఒక అలవాటు అయింది. మా ఊళ్లో ఏ పెద్దాయన ఎదురొచ్చినా ఈయనేనేమో అనిపించేది, లేచి నిలబడేవాణ్ని. కిరాణా కొట్టు ఆయన కావచ్చు, ఎర్ర బస్సు కండక్టరు కావచ్చు, మసీదు పక్కన టైలరు కావచ్చు. ఒక్కడు తన పేరు దాచుకున్నందుకు ఊరంతా నాకు ఇచ్చినట్టయింది.

ఈ రెండు సాయాల్లో మొదటిదాని గురించి నేను ఫిర్యాదు చేయట్లేదు. ఆ నూక లేకపోతే నేను లేను. ఇచ్చేశాక కూడా దాని తాడు చేతిలో పట్టుకుని ఉండటం గురించే నా బాధంతా.

లూకా ఆరో అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మన తెలుగు బైబిల్లో ఎలా ఉందో గమనించారా? “మీరైతే ఎట్టి వారినిగూర్చియైనను నిరాశ చేసికొనక మీ శత్రువులను ప్రేమించుడి, మేలుచేయుడి, అప్పియ్యుడి.” వేరే అనువాదాల్లో అదే చోట ‘తిరిగి ఏమీ ఆశించకుండా’ అని ఉంటుంది. మూలంలోని గ్రీకు మాటని రెండు రకాలుగానూ చెప్పొచ్చు. నాకు చాలాకాలం మన తెలుగులో ఏదో తేడాగా ఉందే అనిపించేది. ఇప్పుడు ఆ రెండూ ఒకే మాట అనిపిస్తోంది. తిరిగి వస్తుందని లెక్కేసుకుని ఇచ్చినవాడికే నిరాశ కలుగుతుంది. బియ్యం ఇచ్చాం కదా, మందిరానికి రాలేదేంటి అని నిరాశ. ఫీజు కట్టాం కదా, ఆ అబ్బాయి ఫెయిలయ్యాడేంటి అని నిరాశ. బస్తా ఇచ్చాం కదా, వాళ్లాయన దాన్ని అమ్మి తాగేశాడట అని నిరాశ. ఆ నిరాశతోనే ఎర్ర పెన్ను తీస్తాం. ప్రభువు అక్కడే పట్టుకున్నాడు, “ఎట్టి వారినిగూర్చియైనను” అన్నాడు. తాగుబోతు భర్త ఉన్న ఇంటిని కూడా కలిపే అన్నాడు.

దాని ముందు వచనం ఇంకా సూటిగా ఉంటుంది. తిరిగి ఇస్తారని నమ్మకం ఉన్నవాళ్లకే అప్పిస్తే మీకేమి మెప్పు, పాపులు కూడా అలా ఇచ్చుకుంటారు కదా అంటాడు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం రాసుకుంటాం, వాళ్లు వెయ్యి పెట్టారు కాబట్టి మనం వెయ్యినూట పదహార్లు పెట్టాలి అని. అది ఊరి మర్యాద, నేను తప్పు పట్టను. కానీ పేదవాడికి ఇచ్చేటప్పుడు కూడా చదివింపుల పుస్తకం తీస్తే ఎలా? డబ్బు రూపంలో తిరిగి ఇవ్వలేడు కాబట్టి హాజరు రూపంలో ఇమ్మంటున్నాం, మొహం చూపించమంటున్నాం, మైకులో కృతజ్ఞత చెప్పమంటున్నాం. లూకా పద్నాలుగులో విందు చేసేటప్పుడు ఎవరిని పిలవాలో చెప్పి, “నీకు ప్రత్యుపకారము చేయుటకు వారికేమియు లేదు గనుక నీవు ధన్యుడవగుదువు” అన్నాడు. వాళ్ల దగ్గర ఏమీ లేకపోవడమే మన ధన్యత అంటే, వాళ్ల దగ్గర నుంచి మనం ఏదో ఒకటి రాబట్టిన ప్రతిసారీ ఆ ధన్యత తగ్గిపోతున్నట్టే కదా.

మన నేల మీదే జరిగిన ఒక సంగతి ఉంది, ఒంగోలు చుట్టుపక్కల సంఘాలకి ఇది ఇంటి కథ. కొత్త తరం పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల వచ్చిన పెద్ద కరువుని మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేవారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు, 1866 నుంచి అక్కడే ఉంటున్నాడు. ఆయనకి సర్వే పని, ఇంజనీరింగు పని తెలుసు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ల ముక్క ఆయన కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఆకలితో వస్తున్న జనానికి కూలి దొరకాలని తీసుకున్నాడు. ఆయనతో ఉన్న బోధకులు, ఎక్కువమంది మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లు, ఆ పని దగ్గర ఉండి చూసుకున్నారు.

ఆ పనికి వచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఏ మిషనరీకైనా ఇంతకంటే కావలసింది ఏముంటుంది? ఆయన ఇవ్వనన్నాడు. కరువు సాయం నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, ఆపేశాడు. బియ్యం కోసం కలిశారన్న మాట వాళ్ల మీద పడకూడదని, తన చేతిలో కూలి డబ్బులు ఉన్నప్పుడు వాళ్లు తీసుకున్న నిర్ణయం పూర్తిగా వాళ్లది కాకపోవచ్చని. సాయం ఆగిపోయాక, ఇంకేమీ దొరకదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య మనం ఇప్పటికీ సభల్లో గర్వంగా చెప్పుకుంటాం, పాటలా చెప్పుకుంటాం. దాని ముందున్న ఆ ఏడాది మౌనాన్ని ఎవరూ చెప్పరు. నన్నడిగితే ఆ సంఖ్య కంటే ఆ ఆపడమే గొప్ప.

ఇవాళ మన మీద ‘బియ్యం ఇచ్చి కలుపుకుంటున్నారు’ అనే నింద వేసేవాళ్లు ఉన్నారు. మనం బాధపడతాం, అది అన్యాయం అంటాం. చాలాసార్లు అన్యాయమే. కానీ హాజరు గడి గీసిన నోట్‌బుక్కు ఒకటి మన బీరువాలో ఉన్నంతకాలం ఆ మాటకి మనం ఏమని జవాబు చెప్తాం? క్లౌగారి దగ్గర జవాబు ఉంది. మన దగ్గర ఉందా?

ఇంకో మాట కూడా. ఇవ్వడం మనకే తెలుసన్నట్టు మాట్లాడొద్దు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1915లో ఆస్పత్రి మొదలుపెట్టినప్పుడు, పెద్ద మొత్తం ఇచ్చి నిలబెట్టినాయన నర్సాగౌడ్ అనే హిందూ దాత. మన లిస్టుల్లో మాత్రం ‘మనవాళ్లు కారు’ అనే కారణంతో పక్కింటి పేర్లు పోతాయి. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని సమరయుడు నువ్వే గుడికి పోతావని అడగలేదు.

ఇప్పుడు రెండో సంగతి. మనుషులతోనే కాదు, దేవుడితో కూడా ఇదే బేరం పెట్టుకుంటున్నాం. ట్రెజరర్‌గా ప్రతి ఆదివారం కానుక సంచులు బల్ల మీద గుమ్మరించి లెక్కపెట్టేవాణ్ని. కవర్ల మీద రాసి ఉండేవి: అబ్బాయి వీసా, అమ్మాయి సంబంధం, స్థలం రిజిస్ట్రేషను. ప్రార్థన రాసుకోవడంలో తప్పేం లేదు, కష్టం దేవుడికి చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకుంటాం. కానీ టీవీల్లో, కూడికల్లో ‘వెయ్యి విత్తు, లక్ష కోస్తావు’ అని చెప్పడం మొదలయ్యాక ఆ కవర్ల తీరు మారింది. నాకు తెలిసిన ఒక అక్క కూతురి పెళ్లికని వేసిన చిట్టీ పాడుకుని, ఆ డబ్బులో సగానికి పైగా ఒక పెద్ద సభలో ‘విత్తన కానుక’గా ఇచ్చేసింది. ఏడాది చూసింది. తర్వాత నన్ను అడిగింది: “తమ్ముడూ, నా విశ్వాసంలో ఏం లోపం ఉంది?” డబ్బు పోయింది, పైగా తప్పు తనదే అనుకుంటోంది. ఇలా అడిగే పరిస్థితి తెచ్చిన బోధని మనం స్టేజీ మీద నిలబడనివ్వకూడదు, ఎంత జనం వచ్చినా సరే.

దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు ఇవ్వడం, గురించి చెప్పేటప్పుడు మలాకీ గ్రంథం మూడో అధ్యాయం పదో వచనం తీస్తారు. ఆకాశపు వాకిండ్లు విప్పి దీవెనలు కుమ్మరిస్తానన్న భాగం గట్టిగా చదువుతారు. అదే వచనంలో ముందున్న మాట ‘నా మందిరములో ఆహారముండునట్లు’. ఎవరికి ఆహారం? ద్వితీయోపదేశకాండం పద్నాలుగు చివర చూడండి, మూడో ఏటి దశమభాగం ఊరి గుమ్మాల్లోనే ఉంచాలి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తిని తృప్తి పొందాలి అని ఉంది. మలాకీ అదే అధ్యాయంలో ఐదు వచనాల పైనే, కూలివాడి కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాళ్లని బాధపెట్టేవాళ్ల మీద దేవుడు సాక్ష్యం చెప్తానంటాడు. ఆ ఐదో వచనం కానుకలప్పుడు చదవగా నేను ఎప్పుడూ వినలేదు. మీరు ఒక్క ఆదివారం చదివించండి.

కానుక పెట్టెలో తనకున్న రెండు కాసులూ వేసిన విధవరాలి గురించి కూడా ఒకటి చెప్పాలి. ఆమెని చూసి ప్రభువు ముందుకి పిలిచి నిలబెట్టలేదు, శిష్యుల్ని దగ్గరికి పిలిచి వాళ్లకి చెప్పాడు. దానికి ముందు వచనమే, మార్కు సువార్తలో, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, విడదీసి బోధించకండి.

మా నాయనమ్మ ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న మట్టి పిడత ఉండేది. పూటపూటకీ చేటలో బియ్యం ఏరి, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ పిడతలో పోసేది. ఇంట్లో ఉన్నవే నాలుగు గిద్దెలైనా ఆ పిడికెడు తీసేది. శనివారం సాయంత్రం స్త్రీల సమాజంవాళ్లు సంచి పట్టుకుని వస్తే పిడత బోర్లించి అడుగున చేత్తో తట్టేది, ఒక్క గింజ మిగలకుండా. ఎవరు ఎంత పోశారో రాసుకునే పుస్తకం లేదు. అందరి బియ్యం ఒకే సంచిలో కలిసిపోయేవి. మా ఇంటి బియ్యం ఎవరి అన్నం అయ్యాయో మాకు తెలిసేది కాదు, నాన్న పోయాక మేం తిన్న అన్నంలో ఎవరి పిడికెడు ఉందో కూడా తెలియదు.

ఈ పిడికెడు బియ్యం పద్ధతి మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉండేది. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు దీన్ని ఎంతో ప్రోత్సహించారు. ఆయనది తిరునెల్వేలి ప్రాంతం, తమిళుడు. 1903లో అక్కడి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, దాని తరఫున మన తెలుగు నేలకి మనుషుల్ని పంపారు. వాళ్లకి మన నుంచి తిరిగొచ్చేది ఏముంది? భాష కూడా వేరు. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాక కూడా ఆయన దోర్నకల్లోనే ఉండి, కూలినాలి చేసుకునే పేటల వాళ్లకి ఇవ్వడం నేర్పారు. పేదవాళ్లకి ఇవ్వడం నేర్పడమేంటి, వాళ్లకే మనం ఇవ్వాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన అలా అనుకోలేదు. ఎప్పుడూ చెయ్యి చాపేవాడిగానే మిగిలిపోతే మనిషి వంగిపోతాడు. పిడికెడు బియ్యం ఇచ్చే ఇల్లు కూడా ఇచ్చే ఇల్లే. కోడిపెట్ట తెచ్చినా, గుమ్మడికాయ తెచ్చినా, మందిరం గుమ్మంలో అందరితో సమానంగా నడిచి వస్తారు.

అందుకే కోత పండుగ అంటే నాకు ప్రాణం. గుమ్మడికాయలు, అరటిగెలలు, కొత్త వడ్లు, కోళ్లు మందిరంలోకి వచ్చే వాసనే వేరు. వేలంపాట కూడా వద్దనను, పిల్లలకి అది ఎంత సంబరమో తెలుసు. కానీ ఐదు వేలకి గుమ్మడికాయ పాడిన ఆయన పేరు మైకులో నాలుగుసార్లు చెప్పి, దాన్ని పాదు మీద పెంచి నెత్తి మీద పెట్టుకుని తెచ్చిన ఆమె పేరు ఒక్కసారి కూడా చెప్పం. చెప్తే ఇద్దరివీ చెప్పండి, లేకపోతే ఇద్దరివీ వదిలేయండి. “నీ ముందర బూర ఊదింపవద్దు” అన్నది మైకుకి కూడా వర్తిస్తుంది.

మీరు చెప్పే కారణాలు నాకు తెలుసు, నేనూ అవే చెప్పేవాణ్ని. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లలు డబ్బు పంపుతారు, ఫొటోలు అడుగుతారు, ఫొటో లేకపోతే డబ్బు ఏమైందన్న అనుమానం వస్తుంది. నిజమే, లెక్క చెప్పాల్సిందే, పైసాతో సహా. దానికి బిల్లు ఉంది, ఇద్దరు పెద్దల సంతకాలతో రిజిస్టరు ఉంది, కొట్లో పేర్చిన బస్తాల ఫొటో తీసి పంపొచ్చు. పుచ్చుకునేవాళ్ల మొహం మన రశీదు కాదు. విదేశాల్లో ఉండి ఈ ఉత్తరం చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి కూడా ఇదే నా మనవి: ఈసారి డబ్బు పంపేటప్పుడు ‘ఫొటోలు వద్దు, లెక్క పంపండి’ అని ఒక్క ముక్క రాయండి. మీరు అంటే కమిటీలు ఇట్టే వింటాయి, మేం చెప్తే వినేవి కూడా మీరు చెప్తే వింటాయి.

ఇంకో కారణం, అందరికీ ఇస్తే సోమరులవుతారు, కొందరు అమ్ముకుంటారు అని. అమ్ముకునేవాళ్లు ఉంటారు. ఒకసారి నేను ఆరా తీస్తే, బస్తా అమ్మిన ఒకాయన ఆ డబ్బుతో షుగరు మందులు కొన్నాడు. రేషన్ బియ్యం నెలనెలా వస్తున్నాయి, మందులు రావు కదా. మనం ఇవ్వడానికి సులువుగా ఉన్నదాన్ని ఇస్తున్నాం, వాళ్లకి కావలసినదాన్ని అడగట్లేదు. ఒకరికి కళ్లజోడు, ఒకరికి కాలేజీ ఫీజు, ఒకరికి గ్యాసు బండ. ఇంటికి వెళ్లి, ఒక్కరే వెళ్లి, మెల్లగా అడిగితే చెప్తారు. స్టేజీ మీద అడిగితే ఎవరూ చెప్పరు. పని చేయగలిగినవాళ్లకి పని చూపించడం కూడా సాయమే. మెదక్‌లో మిషనరీ పోస్నెట్ దొరగారు పెద్ద చర్చి కట్టించింది కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలనే, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయిన ఆ చర్చిని అందరం చూసి వస్తాం కానీ అది ఎలా మొదలైందో పిల్లలకి చెప్పం.

కాబట్టి నేను అడిగేది ఇది. ఈ ఏడాది లిస్టులో హాజరు గడి గీయకండి. పోయినేడు గీసి ఉంటే, కొట్టేసిన పేర్లు మళ్లీ ఒకసారి చదవండి, ఒక్కో పేరు దగ్గర ఆగి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసినవాళ్లని అడగండి. స్టేజీ, ఫ్లెక్సీ, ఫొటో వద్దు. ఇళ్లకి పంపండి, చీకటి పడ్డాక పంపినా మంచిదే. పేటలో మనవాళ్లు కానివాళ్ల ఇళ్లు నాలుగైనా కలపండి, వాళ్లకి ఇచ్చేటప్పుడు కరపత్రం పెట్టకండి. ఇది చదివి కొందరు సేవకులు బాధపడతారని తెలుసు. సువార్త చెప్పొద్దని నేను అనట్లేదు. చెప్పండి, వేరే రోజు చెప్పండి, చేతిలో బస్తా లేని రోజు. వినాలో వద్దో వాళ్లు స్వేచ్ఛగా తేల్చుకునే రోజు. స్త్రీల సమాజం అమ్మగార్లు పిడికెడు బియ్యం మళ్లీ మొదలుపెట్టండి, మట్టి పిడత దొరక్కపోతే ప్లాస్టిక్ డబ్బా అయినా పర్లేదు. ఆ బియ్యానికి పేరు రాసే పుస్తకం మాత్రం వద్దు.

మా కమిటీ డిసెంబర్ మొదటి ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుంటోంది. ఈ ఉత్తరం కాపీ అయ్యగారికి నిన్ననే ఇచ్చాను, చదివి మాట్లాడదాం అన్నారు. పోయినేడు ఎర్ర పెన్నుతో కొట్టేసిన ఆ అమ్మ ఇంటికి మొన్న శుక్రవారం వెళ్లాను. ఏం కావాలని అడిగితే చాలాసేపు ఏమీ లేదంది. లేవబోతుంటే చెప్పింది, పెద్దమ్మాయికి పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాలట, గడువు దగ్గరపడిందట. ఎవరు కట్టారో పిల్లకి తెలియనివ్వొద్దని మాత్రం బడి ఆఫీసులో చెప్పి వచ్చాను. ఇది మీకు చెప్పడానికి చాలా వెనకాడాను, కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న మాట నాకూ వర్తిస్తుంది కాబట్టి. పేరు, ఊరు, బడి ఏదీ ఇక్కడ లేవు, అందుకే రాశాను.

బియ్యం లారీ వచ్చిన రోజు ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాను, బస్తాలు మోయడానికి. మీలో ఎవరైనా అలాగే వస్తే ఇద్దరం కలిసి ఆటోకి ఎత్తుదాం.

మీ సంఘ సహోదరుడు,
ఒక మాజీ ట్రెజరర్